నరముల నొప్పికి సూదుల వైద్యము: సాక్ష్యమెంత?

రాచపుండుకు, అనగా కాన్సరుకు, రసాయన చికిత్స పొంది బయటపడినవారిలో పెక్కుమందిని ఒక బాధ వెన్నాడుచుండును. వ్రేళ్ళ కొనలు తిమ్మిరెక్కును. అరికాళ్ళు మండును. గుండీలు పెట్టుకొనుటకు, సూదిలో దారమెక్కించుటకు, బియ్యములో రాళ్ళేరుటకు వ్రేళ్ళు సహకరింపవు. కాలి చెప్పు జారిపోయినను తెలియదు. చీకటిలో నడచునపుడు అడుగెక్కడ పడుచున్నదో తెలియక తూలిపడువారును కలరు. వ్యాధి నయమైనదని డాక్టరు చెప్పిన తరువాత కూడ ఈ బాధ నెలల కొలది, కొందరిలో ఏండ్ల కొలది నిలిచియుండును.

ఇది అరుదైన సంగతి కాదు. 2014లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో 31 పరిశోధనలను, వాటిలోని 4,179 మంది రోగులను ఒకచోట చేర్చి లెక్కించిరి. చికిత్స ముగిసిన మొదటి నెలలో నూటికి 68 మందికి, మూడు నెలలకు 60 మందికి, ఆరు నెలలకు గాని అటుపిమ్మట గాని 30 మందికి ఈ బాధ కలదని తేలినది. ఈ మూడు అంకెలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వీటితో మరల పని పడును.

ఇట్టి బాధకు ఆక్యుపంక్చరు, అనగా చీనా దేశపు సూదుల వైద్యము, మంచి చికిత్సయని కొందరు చెప్పుచున్నారు. అది వట్టి భ్రమయని మరికొందరు కొట్టివేయుచున్నారు. ఈ రెండు మాటలలో దేనికెంత సాక్ష్యము కలదో పరిశీలించుట అవసరము. ఏలయన, ఇక్కడ నష్టపోవువాడు వాదించువాడు కాదు, రోగి.

బాధకు మూలము

శరీరములోని కణములన్నిటిలో నాడీకణము పొడవైనది. కాలి బొటనవ్రేలి స్పర్శను తెలుపు కణము యొక్క ముఖ్యభాగము నడుము దగ్గర, వెన్నుపాము ప్రక్కన నుండును. దాని తంతువు అక్కడనుండి సుమారు ఒక మీటరు దూరము ప్రయాణించి వ్రేలి కొనను చేరును. తంతువు బ్రతుకుటకు కావలసిన ప్రోటీనులు, ఇతర సామగ్రి కణభాగములో తయారై, ఈ మీటరు దూరము మోసుకొనిపోబడవలెను. ఇందులకు తంతువు లోపల సూక్ష్మనాళికలు అను పట్టాలవంటి నిర్మాణములు కలవు.

కాన్సరు కణము రెండుగా చీలునపుడు కూడ ఇట్టి సూక్ష్మనాళికలే క్రోమోజోములను ఇరువైపులకు లాగును. కావున ఈ నాళికలను చెడగొట్టు మందు కాన్సరు కణము చీలకుండ అడ్డుపడును. మన ఇండ్లముందు పూచు బిళ్ళగన్నేరు మొక్కనుండి తీయబడిన విన్‌క్రిస్టిన్ అట్టి మందు. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు పిల్లల రక్తకాన్సరులో నేటికిని వాడబడుచున్నది. ఇది నాళికలను కట్టుకొననీయదు. అమెరికా పడమటి తీరపు యూ అను చెట్టు బెరడులో కనుగొనబడిన పాక్లిటాక్సెల్ దీనికి విరుద్ధముగా, కట్టుకొనిన నాళికలను విడిపోనీయదు. రెండు విధములను కణవిభజన ఆగిపోవును. కాని నాడీతంతువులోని రవాణాకు కూడ దెబ్బ తగులును. దారి ఎంత పొడవైన అంత నష్టము. అందుచేతనే బాధ మొదట కాలివ్రేళ్ళలోను, చేతివ్రేళ్ళలోను ఆరంభించి, మేజోళ్ళు, చేతితొడుగులు తొడిగిన మేరకు పైకి ప్రాకును.

ప్లాటినము లోహమును కలిగిన సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ అను మందులు వేరొక విధముగ హాని చేయును. ఇవి వెన్నుపాము ప్రక్కనున్న నాడీకణముల లోపలి డి.ఎన్.ఏ.కు అంటుకొనును. సిస్‌ప్లాటిన్ వాడినవారిలో మందు ఆపిన తరువాత కూడ కొన్ని నెలలు బాధ పెరుగుచు పోవచ్చును. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన కొలది రోజులు చన్నీరు తాకినను వ్రేళ్ళు జివ్వుమనును.

రసాయన చికిత్సకు పునాది వేసినవారిలో మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన ఆధ్వర్యమున తయారైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తకాన్సరు తాత్కాలికముగ లొంగునని 1948లో బోస్టనులో నిరూపింపబడెను. నాటినుండి నేటివరకు ఈ చికిత్స లక్షలమందిని బ్రతికించినది. కాని నరములు చెడుచున్నపుడు డాక్టరు మందు మోతాదు తగ్గించుటో, ఆపుటో చేయవలసివచ్చును. మోతాదు తగ్గిన కాన్సరు తిరుగబెట్టునేమోనని భయము. తగ్గింపకున్న చేతులు, కాళ్ళు పనికిరాకుండపోవునేమోనని భయము. కావున ఈ బాధకు నిజముగ పనిచేయు చికిత్స దొరకుట ఎంత అవసరమో, పనిచేయనిదానిని పనిచేయునని నమ్ముట అంత ప్రమాదము.

సూదుల వెనుకనున్న సిద్ధాంతము

చీనా సంప్రదాయము ప్రకారము శరీరములో 'చీ' అను జీవశక్తి కొన్ని మార్గముల వెంట ప్రవహించును. ఆ మార్గములపై 361 ముఖ్యస్థానములు కలవు. ప్రవాహమునకు అడ్డు తగిలినపుడు వ్యాధి కలుగునని, తగిన స్థానములో సన్నని సూదిని గ్రుచ్చిన అడ్డు తొలగునని వారి భావన. శరీరమును కోసి చూచినను, సూక్ష్మదర్శినితో పరీక్షించినను ఇట్టి మార్గములు కనబడలేదు. అయినను సిద్ధాంతము తప్పైనంత మాత్రాన చికిత్స నిష్ఫలమని చెప్పరాదు. మలేరియా చెడుగాలి వలన వచ్చునని నమ్మిన కాలములోనే సింకోనా బెరడు ఆ జ్వరమును తగ్గించినది. చికిత్స పనిచేయునా అను ప్రశ్న వేరు, ఎట్లు పనిచేయునను ప్రశ్న వేరు.

పాశ్చాత్య దేశములలో ఈ వైద్యమునకు ప్రచారము 1971లో కలిగినది. అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్ ఆ సంవత్సరము జూలైలో బీజింగు నగరములో నుండగా ఆయనకు అపెండిక్సు శస్త్రచికిత్స జరిగెను. ఆ తరువాత కడుపుబ్బరము బాధింపగా సూదులు గ్రుచ్చిరి, ఉపశమనము కలిగినదని ఆయన వ్రాసెను. సూదులతోనే మత్తు కలిగించి శస్త్రచికిత్స చేసిరని వదంతి వ్యాపించెను. నిజమునకు ఆయనకు మత్తు కలిగించినది సామాన్యమైన ఇంజెక్షనే. ఒక మనిషి అనుభవము నోటినోట ఎట్లు పెరుగునో దీనివలన తెలియుచున్నది.

తరువాత శరీరశాస్త్ర పరముగ వివరణలు వచ్చినవి. మోచేతికి దెబ్బ తగిలినపుడు ఆ చోట రుద్దుకొనిన నొప్పి తగ్గును. స్పర్శ సంకేతములు వెన్నుపాములో నొప్పి సంకేతములకు ద్వారము మూయునని మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిరి. సూదిపోటు కూడ ఇట్లే చేయునని కొందరనిరి. మరల 1977లో, సూదుల వలన కలిగిన ఉపశమనము నలోక్సోను అను మందునిచ్చిన తగ్గిపోవునని ఒక ప్రయోగములో కనబడెను. నలోక్సోను శరీరములో పుట్టు నల్లమందువంటి పదార్థములకు, అనగా ఎండార్ఫినులకు, విరుగుడు. కావున సూదులు ఎండార్ఫినులను విడుదల చేయునని అనుకొనిరి. కాని మరుసటి సంవత్సరమే, 1978లో, దంతములు తీసిన రోగులలో జరిపిన మరొక ప్రయోగము చిక్కు తెచ్చినది. అందులో మందులేని ఉత్త ఇంజెక్షను వలన కలిగిన ఉపశమనము కూడ నలోక్సోనుతో మాయమైనది! నమ్మకము సైతము ఎండార్ఫినులను విడుదల చేయునన్నమాట. అందుచేత ఎండార్ఫినుల పేరు చెప్పినంత మాత్రాన సూదికి, నమ్మకమునకు గల భేదము తేలదు.

పరీక్ష ఎట్లు చేయవలెను?

"సూదులు వేయించుకొంటిని, నొప్పి తగ్గినది" అని రోగి చెప్పినపుడు అతడు అబద్ధమాడుట లేదు. అయినను తగ్గుదలకు సూది కాక వేరు కారణములు మూడు ఉండవచ్చును.

మొదటిది, కాలము. పైన చెప్పిన అంకెలను తిరిగి చూడుడు. మొదటి నెలలో 68 మందికున్న బాధ ఆరు నెలలు గడచుసరికి 30 మందికే మిగులుచున్నది. మూడవ నెలలో ఏ చికిత్స ఆరంభించినను, అది పసుపునీళ్ళే అయినను, కొందరికి నయమైనట్లే కనబడును.

రెండవది, నొప్పి స్వభావము. నొప్పి పెరుగుచు తరుగుచు నుండును. బాధ మిక్కుటమైన రోజుననే మనిషి వైద్యుని వెదకుకొని పోవును. శిఖరమునకు చేరినది సహజముగ దిగుటయే జరుగును. దిగుటకు కారణము వైద్యుడని తోచును.

మూడవది, నమ్మకము. దీనికొక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. అమెరికా దేశస్థుడగు ఎలిషా పెర్కిన్స్ 1796లో రెండు లోహపు పుల్లలకు పేటెంటు పొంది, వాటిని శరీరముపై లాగిన నొప్పులు పోవునని ప్రకటించెను. అవి ఇంగ్లండులో గొప్ప ధరకు అమ్ముడుపోయెను. 1799లో జాన్ హేగార్త్ అను వైద్యుడు బాత్ నగరములో కొయ్య పుల్లలు చేయించి, లోహమువలె కనబడునట్లు రంగు వేయించి ఐదుగురు రోగులపై ప్రయోగించెను. నలుగురికి ఉపశమనము కలిగెను. మరునాడు అసలు పుల్లలతో చేసినను ఫలితమదియే. లోహములో మహిమ లేదని ఆ కొయ్య పుల్లలు తెలిపినవి.

సూదుల వైద్యమునకును ఇట్టి కొయ్య పుల్ల కావలెను. 1998లో జర్మనీలో అట్టిది తయారైనది. దాని మొన మొద్దుగ నుండును. చర్మమును తాకగనే సూది తన పిడిలోనికి జారిపోవును. చూచువానికి మాత్రము గ్రుచ్చుకొనినట్లే యుండును. రోగులను చీటీలు వేసినట్లు వర్గములుగ విభజించి, ఒక వర్గమునకు అసలు సూదులు, ఒక వర్గమునకు బూటకపు సూదులు, మరొక వర్గమునకు మామూలు చికిత్స మాత్రమే ఇచ్చిన, పై మూడు కారణములను వేరుచేయవచ్చును.

పరిశోధనలు చెప్పునది

ఈ కొలబద్దతో చూచిన, ప్రచారములో నుదాహరింపబడు పరిశోధనలు కొన్ని తేలికపడును. 2012లో జర్మనీలో ప్రకటింపబడిన ఒకదానిలో సూదులు వేయించుకొనిన ఆరుగురిలో ఐదుగురికి నరములలో విద్యుత్సంకేతముల ప్రసారము మెరుగైనది. వేయించుకొనని ఐదుగురిలో ఒకరికే మెరుగైనది. నొప్పిని రోగి మాటతో గాక యంత్రముతో కొలచుట ఇందులోని మంచి. కాని ఉన్నవారు పదకొండుగురు. ఎవరు ఏ వర్గములో చేరవలెనో చీటీలు నిర్ణయింపలేదు.

2019లో హాంగ్‌కాంగులో 87 మందిపై, 2020లో బోస్టనులో 40 మంది స్త్రీలపై జరిగిన పరిశోధనలలో చీటీల విభజన కలదు. రెండింటను సూదుల వర్గము వారి బాధ ఎక్కువగా తగ్గినది. కాని పోలిక వర్గమునకు బూటకపు సూదులు లేవు. బోస్టనులో ఒక వర్గము వారు 8 వారములలో 18 సారులు వైద్యుని వద్ద పడుకొని సేవ పొందిరి. రెండవ వర్గము వారికి ఆ సేవ లేదు. భేదము సూదిదో, సేవదో, నమ్మకముదో ఇందువలన తేలదు. 2013లో జర్మనీలో 60 మందిపై జరిగిన పరిశోధనలో విద్యుత్తు కలిపిన సూదులను, విద్యుత్‌స్నానములను, బి విటమినులను, మందులేని గొట్టములను పోల్చిరి. ఏదియు మరొకదానికంటె మేలని కనబడలేదు.

వీటిలో చూడదగినది 2020లో న్యూయార్కు నగరమునుండి ప్రకటింపబడినది. ఇందులో 75 మంది రోగులు, మూడు వర్గములు. నొప్పిని సున్న నుండి 10 వరకు గల కొలతతో లెక్కించిరి. 8 వారముల తరువాత అసలు సూదుల వర్గములో నొప్పి సగటున 1.75, బూటకపు సూదుల వర్గములో 0.91, మామూలు చికిత్స వర్గములో 0.19 తగ్గినది. ప్రచారకులు 1.75ను 0.19తో పోల్చి చూపుదురు. విమర్శకుడు చూడవలసినది 1.75కును, 0.91కిని గల భేదము. అది 0.84. అనగా కనబడిన తగ్గుదలలో సుమారు సగము బూటకపు సూదులతో కూడ వచ్చినది.

మిగిలిన 0.84 సంగతి యేమి? ఇక్కడ న్యాయముగ ఆలోచింపవలెను. ఈ బాధకు నేడు వైద్యసంఘములు సిఫారసు చేయు మందు డులోక్సెటిన్ ఒక్కటే. 2013లో 231 మందిపై, 5 వారములు జరిగిన పరీక్షలో డులోక్సెటిన్ వాడినవారి నొప్పి 1.06, మందులేని గొట్టములు వాడినవారిది 0.34 తగ్గెను. భేదము 0.72. అట్లయిన 0.72 గల మందును అంగీకరించి, 0.84 గల సూదిని సందేహించుట పక్షపాతము కాదా యని విద్యార్థి అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే.

సమాధానము రోగుల సంఖ్యలో నున్నది. ఒక నాణెమును పదిసారులెగురవేసిన ఏడు బొమ్మలు పడుటలో వింత లేదు. వేయిసారులెగురవేసిన 700 బొమ్మలు పడినచో నాణెమును అనుమానింపవలెను. నొప్పి ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధముగ మారును గనుక, వర్గమునకు పాతికమంది చొప్పున నున్నపుడు 0.84 భేదము కేవలము చీటీల వాటము వలననే రావచ్చును. న్యూయార్కు పరిశోధన చిన్నదిగనే తలపెట్టబడినది. అసలు సూదికి, బూటకపు సూదికి గల భేదమును తేల్చుటకు ఆ సంఖ్య చాలదు. వెదకు భేదము సగమైనచో కావలసిన రోగులు నాలుగు రెట్లగుదురని గణాంకశాస్త్రము చెప్పును. సూదికిని మామూలు చికిత్సకును గల పెద్ద భేదమును కనుగొనుటకు చాలిన సంఖ్య, సూదికిని బూటకమునకును గల చిన్న భేదమునకు చాలదు. కావున ఈ పరిశోధన సూది పనిచేయదని చెప్పలేదు, పనిచేయునని నిరూపింపను లేదు.

మరొక సంగతి కూడ కలదు. మందునిచ్చు పరీక్షలో రోగికి గాని డాక్టరుకు గాని ఏది అసలు గొట్టమో తెలియదు. సూదుల పరీక్షలో గ్రుచ్చు చేతికి తప్పక తెలియును. ఆ చేతి మాట, చూపు రోగి నమ్మకమును పెంచవచ్చును. ఈ లోపమును పూర్తిగ తొలగించు ఉపాయము దుర్లభము.

ఇరుపక్షముల వాదములు

బూటకపు సూది నిర్జీవమైనది కాదు, చర్మమును తాకుట కూడ ఒక చికిత్సయే, కావున దానితో పోల్చుట అన్యాయమని సూదుల వైద్యులు వాదింతురు. ఇందులో కొంత నిజము కలదు. కాని ఈ వాదమునకు మూల్యము చెల్లింపవలెను. 2007లో జర్మనీలో నడుమునొప్పి గల 1,162 మందిపై పెద్ద పరిశోధన ఫలితములు వెలువడెను. శాస్త్రోక్తమైన స్థానములలో గ్రుచ్చిన వర్గములో నూటికి 47.6 మందికి, స్థానములు కానిచోట్ల పైపైన గ్రుచ్చిన వర్గములో 44.2 మందికి, మామూలు చికిత్స పొందిన వర్గములో 27.4 మందికి మేలు కలిగెను. ఎక్కడ గ్రుచ్చినను దాదాపు ఒకే ఫలమైనచో, 361 స్థానముల శాస్త్రమునకు, వాటిని నేర్చుటకు పట్టు ఏండ్లకు ప్రయోజనమేమి?

సూదులన్నియు భ్రమయే యనువారికిని ఒక అంకె చూపవలెను. 2018లో 39 పరిశోధనలలోని 20,827 మంది రోగుల వివరములను ఒక్కొక్కరివిగ సేకరించి లెక్కింపగా, నడుము, మెడ, భుజము, మోకాలు, తల నొప్పులలో అసలు సూదులు బూటకపు సూదులకంటె కొద్దిగ మేలని తేలినది. భేదము చిన్నదే, కాని కలదు. అయితే ఆ నొప్పులు వేరు, మందుల వలన తంతువులు చెడి కలుగు నొప్పి వేరు. అక్కడి ఫలితమును ఇక్కడికి అరువు తెచ్చుకొనరాదు.

హాని లేదుకదా, వేయించుకొనిన తప్పేమి?

ఈ మాట తరచు వినబడును. దీనికి రెండు హెచ్చరికలు కలవు. ఒకటి అసిటైల్ కార్నిటిన్ అను పదార్థము కథ. ఇది నరములకు బలమని అంగళ్ళలో అమ్మబడుచుండెను. 2013లో ప్రకటింపబడిన పరీక్షలో 409 మంది రొమ్ము కాన్సరు రోగులలో కొందరికి దీనిని ముందుజాగ్రత్తగ ఇచ్చి చూచిరి. 24 వారములకు దీనిని తిన్నవారి నరముల బాధయే ఎక్కువైనది! పరీక్షింపకున్న ఈ సంగతి ఎన్నటికిని తెలియదు.

రెండవది సూదులకే సంబంధించినది. బాధ రాకముందే నివారింపవలెనని, పాక్లిటాక్సెల్ జాతి మందులు పొందుచున్న 63 మంది స్త్రీలను చేర్చుకొని, 12 వారములు విద్యుత్తు కలిపిన సూదులతో పరీక్షించిరి. ఫలితములు 2016లో వెలువడెను. 12వ వారమున రెండు వర్గములకు భేదము లేదు. 16వ వారమున బూటకపు వర్గములో నొప్పి తగ్గుముఖము పట్టగా, అసలు సూదుల వర్గములో అది ఇంకను ఎక్కువైయుండెను. ఇదియు చిన్న పరిశోధనయే గనుక దీనినే తుది తీర్పుగ తీసికొనరాదు. కాని హాని లేదను మాటకు ముందు పరీక్ష కావలెనని ఇది తెలుపుచున్నది.

సామాన్యముగ, నేర్పరి చేతిలో, ఒకసారి వాడి పారవేయు శుద్ధమైన సూదులతో ఈ చికిత్స అపాయకరము కాదు. 2001లో బ్రిటనులో 34,407 చికిత్సలను పరిశీలింపగా తీవ్రమైన ప్రమాదమొక్కటియు కనబడలేదు. కాని రసాయన చికిత్సలో నున్న రోగి సామాన్యరోగి కాడు. తెల్ల రక్తకణములు తగ్గియున్నపుడు చిన్న పోటుకూడ చీము పట్టవచ్చును. ప్లేట్లెట్లు తగ్గియున్నపుడు రక్తము ఆగకపోవచ్చును. అరికాలికి స్పర్శ లేనివారికి వేడి కాపడము పెట్టిన కాలినను తెలియదు. కావున కాన్సరు డాక్టరుకు చెప్పకుండ సూదులు వేయించుకొనుట తగదు. తిమ్మిరి ఆరంభమైనదని డాక్టరుకు చెప్పక, సూదులతో సరిపెట్టుకొనుట అంతకంటె తగదు. ఆ మాట వినిననే గదా ఆయన మోతాదును సవరింపగలడు!

తీర్పు

అమెరికా కాన్సరు వైద్యుల సంఘము 2020లో సవరించిన తన మార్గదర్శకములో, నొప్పితో కూడిన ఈ బాధకు డులోక్సెటిన్‌ను మాత్రమే సిఫారసు చేసినది. సూదుల వైద్యము, వ్యాయామము మొదలైనవాటి విషయమున మేలు కలుగు సూచనలు కలవని, పెద్ద పరిశోధనలు జరుగవలెనని చెప్పి, సిఫారసు చేయక నిలిచినది. పై సాక్ష్యమును బట్టి చూచిన ఈ నిలుపుదల సమంజసముగ నున్నది.

బాధపడుచున్న మనిషికి ఇది చప్పని సమాధానము. అతనికి కావలసినది ఔనో కాదో. అట్టివాడు డాక్టరు అనుమతితో, ఇతర చికిత్సలు మానకుండ, తనకున్న ధనములో సూదులు వేయించుకొని కొంత ఊరట పొందిన తప్పుపట్టవలసిన పని లేదు. తప్పుపట్టవలసినది, పదకొండుగురి పరిశోధనను, బూటకపు వర్గము లేని పరిశోధనను చూపి "శాస్త్రము నిరూపించినది" అని అతనికి చెప్పువారిని.

ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు ఈ విషయమును పాఠముగ చెప్పదలచిన, చీనా మార్గముల పటముతో గాని, వాటిని పరిహసించుటతో గాని ఆరంభింపనక్కరలేదు. ఏ చికిత్స గురించి విన్నను విద్యార్థి నాలుగు ప్రశ్నలడుగుట నేర్చుకొనిన చాలును: దేనితో పోల్చిరి? వర్గములను చీటీలు నిర్ణయించెనా? రోగికి ఏది అసలో తెలియునా? ఎంతమంది? ఈ ప్రశ్నలు సూదికెంత వర్తించునో, డాక్టరు వ్రాసిచ్చు గొట్టమునకును, అంగడిలోని బలపు మందునకును అంతే వర్తించును.